తప్పు గడప దగ్గర పోయిన రోజులు
మియాదు చట్టం, మన వరంగల్ భూములు

మన గూడేల్లో, తండాల్లో భూమి పోయిన కథలు లేని ఇల్లు తక్కువ. సావుకారు తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడని, పట్వారీ పహాణీలో పేరు మార్చాడని, కౌలుకిచ్చిన చెలక మళ్లీ చేతికి రాలేదని పెద్దలు చెబుతారు. వాటి పక్కన మనం అంతగా చెప్పుకోని కథ ఇంకొకటి ఉంది. భూమి కోసం దావా వేసి, ఏళ్ల తరబడి పేషీలకు తిరిగి, చివరికి "ఇది ఈ కోర్టు చూడవలసిన దావా కాదు" అనిపించుకున్నవాళ్ల కథ అది. అక్కడ ఖారిజు అయ్యాక సరైన చోటికి పోతే, "ఇన్నేళ్లు ఎక్కడున్నారు? మియాదు దాటిపోయింది" అన్నారు. వాళ్ల భూమి ఎవరిదో ఏ కోర్టూ తేల్చలేదు. న్యాయం ఎటున్నదో ఎవరూ చూడలేదు. తప్పు గడప దగ్గర గడిచిన రోజులే ఎదుటివాడికి పట్టాలా పనికొచ్చాయి.

ఆ రోజులు నిజంగా పోయినట్టేనా? చట్టం చూస్తే, అన్నిసార్లూ కాదు. సద్భావంతో, శ్రద్ధగా దావా నడిపి, కోర్టుకు పరిధి లేక ఓడిపోయినవాడికి ఆ రోజులను తిరిగి లెక్క కట్టి ఇచ్చే నియమం ఈ దేశంలో 1859 నుంచి ఉంది. అది మన వాకిట్లోకి ఎప్పుడు వచ్చింది, ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ చేయి విడిచేస్తుంది అన్నది మన చదువుకున్న పిల్లలకు, బడి పంతుళ్లకు తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

మియాదు అంటే

మన పెద్దలు మియాదు అన్నదాన్నే చట్టం కాలపరిమితి అంటుంది, వకీళ్లు లిమిటేషన్ అంటారు. ఇప్పుడు అమల్లో ఉన్నది 1963 నాటి కాలపరిమితి చట్టం. ఏ దావా ఎన్నాళ్ల లోపల వేయాలో అందులో ఒక పట్టిక ఉంది. హక్కు ఆధారంగా భూమి స్వాధీనం అడిగే దావాకు 12 ఏళ్లు. ఈ భూమి నాదని ప్రకటించమని అడిగే దావాకు 3 ఏళ్లు. కింది కోర్టు తీర్పు మీద జిల్లా కోర్టుకు అప్పీలు 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు.

ఈ చట్టంలో రెండు మాటలు మనకు ముఖ్యం. ఒకటి 5వ సెక్షన్. ఆలస్యానికి తగిన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చని అది చెబుతుంది. కానీ ఆ మన్నింపు అప్పీళ్లకు, దరఖాస్తులకు మాత్రమే వర్తిస్తుంది. దావా ఒక్క రోజు ఆలస్యమైనా 5వ సెక్షన్ కాపాడదు. జ్వరమొచ్చింది, వాగు పొంగింది, వకీలు చెప్పలేదు అన్న మాటలు కొత్త దావాకు అక్కరకు రావు. రెండోది 27వ సెక్షన్. మామూలుగా మియాదు దాటితే కోర్టుకు పోయే దారి మూసుకుపోతుంది గాని హక్కు అలాగే ఉంటుంది. భూమి స్వాధీనం విషయంలో మాత్రం గడువు తీరితే హక్కే ఆరిపోతుందని ఈ సెక్షన్ అంటుంది. కాబట్టి భూమి కేసులో రోజుల లెక్క తప్పితే భూమే తప్పిపోతుంది.

ఒకే జిల్లాలో ఇన్ని గడపలు ఎందుకు?

మనవాళ్లు తప్పు గడప తొక్కారంటే తెలివి తక్కువై కాదు. మన ప్రాంతంలో గడపలు చాలా ఉన్నాయి. అవి కాలంతో పాటు చోటు మారాయి కూడా. దీని వెనక మన జిల్లా చరిత్ర ఉంది.

ఇవాళ్టి ములుగు జిల్లానే చూడండి. మధ్యలో గోదావరి పారుతుంది. ఇవతలి ఒడ్డున ఏటూరునాగారం, మంగపేట నిజాం రాజ్యంలో వరంగల్ జిల్లావి. అవతలి ఒడ్డున వాజేడు, వెంకటాపురం పాత నూగూరు తాలూకావి. నూగూరు, భద్రాచలం తాలూకాలు తెల్లవాళ్ల కాలంలో మద్రాసు ఏజెన్సీలో ఉండేవి. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలో కలిశాయి. వాజేడు, వెంకటాపురం 2016లో భూపాలపల్లి జిల్లాకు, 2019లో ములుగు జిల్లాకు వచ్చాయి. రెండు ఒడ్డుల మీదా మన కోయలే ఉన్నారు. బంధుత్వాలూ కలుస్తాయి. భూమి చట్టాల చరిత్ర మాత్రం రెండు ఒడ్డులకూ వేరు.

అవతలి ఒడ్డున 1917లోనే ఏజెన్సీ భూముల బదలాయింపు చట్టం వచ్చింది. గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోవాలంటే ఏజెంటు అనుమతి కావాలన్నది. 1924లో ఏజెన్సీ రూల్స్ వచ్చాయి. వాటి ప్రకారం ఆ ప్రాంతంలో సివిల్ దావాలు మామూలు మునసబు కోర్టు ముందుకు పోవు. ఏజెన్సీ డివిజనల్ ఆఫీసరు, ఏజెంటు ముందుకు పోతాయి. ఇవతలి ఒడ్డున నిజాం ప్రభుత్వం చాలాకాలం ఇలాంటిదేమీ చేయలేదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణం పోసిన తరువాతే హైదరాబాద్ సర్కారు గిరిజనుల భూముల వైపు చూసింది. హైమెండార్ఫ్ గూడేలు తిరిగి రాసిన నివేదికలు 1945లో పుస్తకంగా వచ్చాయి. 1356 ఫసలీలో, అంటే 1946లో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. 1359 ఫసలీలో, అంటే 1949లో, దాని చోట ఇంకొకటి వచ్చింది.

ఆ తరువాత దేశం మారింది, చట్టాలు మారాయి. 1950 డిసెంబరులో రాష్ట్రపతి ఉత్తర్వు హైదరాబాద్ రాష్ట్రంలోని షెడ్యూల్డ్ ప్రాంతాలను ప్రకటించింది. వరంగల్ జిల్లాలో ములుగు, నర్సంపేట తాలూకాల గ్రామాలు అందులో ఉన్నాయి. 1951 ఏప్రిల్ 1 నుంచి హైదరాబాద్ సొంత మియాదు చట్టం పోయి, భారత కాలపరిమితి చట్టం ఇక్కడికి వచ్చింది. ఆంధ్రలో 1959లో వచ్చిన షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు రెగ్యులేషన్ 1963 డిసెంబరు 1 నుంచి తెలంగాణ ఏజెన్సీకీ వర్తించింది. 1970 ఫిబ్రవరి 3న అమల్లోకి వచ్చిన సవరణ దానికి అసలు బలాన్నిచ్చింది. మనందరం 1 ఆఫ్ 70 అనేది దీన్నే. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని, కాదంటే అతనే రుజువు చేసుకోవాలని ఆ సవరణ అన్నది. 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగానికి లోబడిందేనని నిలబెట్టింది.

ఈ రెగ్యులేషన్ కింద భూమి తిరిగి ఇప్పించే పని సివిల్ కోర్టుది కాదు. ఏజెంటుది, ఆయన కింది అధికారులది. మనం ఎస్‌డీసీ కోర్టు అని పిలిచే గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు దగ్గర ఆ కేసులు నడుస్తాయి.

ఇప్పుడు గడపలు లెక్కబెట్టండి. ఏజెన్సీ గ్రామంలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతిలో ఉంటే స్పెషల్ డిప్యూటీ కలెక్టరు. మైదాన గ్రామంలో సొంత పట్టా భూమి అయితే సివిల్ కోర్టు. అందులోనూ భూమి విలువను బట్టి జూనియరా, సీనియరా అన్న తేడా ఉంది. సర్కారు అసైన్ చేసిన భూమిని ఎవరైనా కొనుక్కుంటే 1977 చట్టం కింద తహసీల్దారు. పోడు భూమి హక్కు పత్రమైతే 2006 అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ, సబ్ డివిజనల్ కమిటీ, జిల్లా కమిటీ. ఒక మెట్టు మీద అన్యాయం జరిగితే పై మెట్టుకు 60 రోజుల్లో పోవాలి. పాస్‌పుస్తకం గొడవ అయితే 2020 దాకా రెవెన్యూ కోర్టులుండేవి. ఆ ఏడాది కొత్త చట్టం వాటిని తీసేసి పెండింగు కేసులను ట్రైబ్యునళ్లకు పంపింది. 2025లో భూ భారతి చట్టం వచ్చి ఆ దారినీ మార్చింది. చదువుకున్నవాళ్లకే దారి తప్పే చోట, వంద కిలోమీటర్ల దూరం నుంచి హన్మకొండ కోర్టుకు వచ్చిన ముసలి తండ్రి దారి తప్పాడంటే ఆయన్ను తప్పు పట్టడానికి ఏముంది?

మంగపేట చెప్పే పాఠం

గడప ఏదో ప్రభుత్వానికే స్పష్టంగా తెలియని చోటు మన దగ్గరే ఉంది. మంగపేట మండలంలోని 23 గ్రామాలు ఐదో షెడ్యూల్ కిందికి వస్తాయా, రావా అన్న వివాదం దశాబ్దాలు నడిచింది. అవి షెడ్యూల్డ్ ప్రాంతం కావని గిరిజనేతరులు వాదించారు, ముమ్మాటికీ అవునని ఆదివాసీలు వాదించారు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అవి షెడ్యూల్డ్ ప్రాంతమేనని తీర్పు చెప్పింది.

పంచాయతీ ఎన్నికలు, రిజర్వేషన్ల కోణంలో దీని గురించి చాలామంది మాట్లాడారు. మనం రోజుల లెక్క కోణంలో చూద్దాం. ఒక ఊరు ఏజెన్సీ అయితే భూమి కేసుకు ఒక గడప, కాకపోతే ఇంకో గడప. ఊరి హోదాయే తగాదాలో ఉన్నన్నాళ్లు ఆ ఊరి గిరిజనుడు ఏ గడప తొక్కినా "నీది ఇక్కడ కాదు" అనే వాదన ఎదురుగా నిలబడి ఉంటుంది. అలాంటి చోట కోర్టు మారవలసి వచ్చినవాడిని సోమరి అనడం న్యాయం కాదు. సరిగ్గా ఇలాంటివాళ్ల కోసమే చట్టంలో ఒక సెక్షన్ ఉంది.

14వ సెక్షన్ పుట్టుక

ఓడిన దావాను మళ్లీ వేసుకునే గడువు గురించి ఆలోచన చాలా పాతది. ఇంగ్లండులో 1623 నాటి కాలపరిమితి చట్టంలోనే, గెలిచిన తీర్పును పై కోర్టు లోపం వల్ల కొట్టేస్తే ఏడాది లోపల మళ్లీ దావా వేసుకోవచ్చని ఉంది. అమెరికా ఆ దారి పట్టింది. న్యూయార్క్ రాష్ట్రంలో ఇలాంటి సందర్భాల్లో ఆరు నెలలు, ఒహాయోలో ఏడాది కొత్త గడువు ఇస్తారు.

మన దేశం పట్టిన దారి వేరు. ఇక్కడ కొత్త గడువు ఇవ్వరు, గడియారాన్ని ఆపుతారు. 1859 నాటి 14వ నంబరు చట్టం బ్రిటిష్ ఇండియా అంతటికీ కాలపరిమితి తెచ్చినప్పుడు దాని 14వ సెక్షన్‌లో ఈ నియమం పెట్టారు. పరిధి లేని కోర్టులో సద్భావంతో, శ్రద్ధగా దావా నడిపిన కాలాన్ని మియాదులో కలపవద్దన్నారు. తరువాత 1877లో, 1908లో, 1963లో చట్టం మారింది. మాటలు కొద్దిగా మారాయి గాని ఆ సారం పోలేదు. విచిత్రంగా ఆ మూడింటిలోనూ అది 14వ సెక్షన్‌గానే ఉంది. ఇన్నేళ్లుగా ఇది ఉన్నా, మన గూడేల్లో 1 ఆఫ్ 70 గురించి తెలిసినంతగా 14వ సెక్షన్ గురించి తెలియదు.

లెక్క ఎలా కడతారు?

ఊహించి ఒక లెక్క చేద్దాం. మైదాన గ్రామంలో ఒక రైతును 2001 జూన్ 1న తన పొలం నుంచి వెళ్లగొట్టారనుకోండి. స్వాధీనం అడగడానికి 12 ఏళ్లు, అంటే 2013 జూన్ 1 దాకా గడువు. ఆయన పదేళ్లు ఊళ్లో పెద్దమనుషుల చుట్టూ తిరిగి, 2011 జూన్ 1న జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేశాడు. ఐదేళ్లు నడిచాక, భూమి విలువ తన పరిధి దాటిందని 2016 జూన్ 1న ఆ కోర్టు దావాను వాపసు ఇచ్చింది.

మామూలు లెక్కలో అప్పటికి 15 ఏళ్లు అయ్యాయి. 14వ సెక్షన్ లెక్కలో ఐదేళ్లు తీసేస్తారు. దావా వేసిన రోజు, అది ముగిసిన రోజు కూడా ఆ తీసివేతలోకే వస్తాయి. అప్పుడు గడిచింది పదేళ్లే. మిగిలింది రెండేళ్లు. అంటే ఆయన సరైన కోర్టులో 2018 జూన్ తొలి రోజులకల్లా దావా వేసుకోవచ్చు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. మిగిలిన కాలమే దొరుకుతుంది, కొత్తది దొరకదు. ఇదే రైతు మొదటి దావాను 12 ఏళ్లు తీరడానికి పది రోజుల ముందు వేసి ఉంటే, వాపసు వచ్చాక ఆయన చేతిలో ఉండేది ఆ పది రోజులే. అసలు మొదటి దావానే గడువు దాటాక వేసి ఉంటే 14వ సెక్షన్ ఏమీ చేయలేదు. కోర్టులో రోజులు ఆగుతాయి గాని, ఇంట్లో కూర్చున్న రోజులు, పెద్దమనుషుల పంచాయితీలో గడిచిన రోజులు ఆగవు. మన ఇళ్లలో భూమి తగాదాలు ముందు కులపంచాయితీకి పోతాయి. అది మంచి సంప్రదాయమే. కానీ అక్కడ గడిచే కాలాన్ని ఏ చట్టమూ తిరిగి ఇవ్వదు.

ఇంకో సంగతి. వాపసు వచ్చిన దావాను సరైన కోర్టులో వేస్తే అది పాత దావాకు కొనసాగింపు కాదు, కొత్త దావాయే. ఈ మాట సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో చెప్పింది. అందుకే 14వ సెక్షన్ సాయం వాది అడిగి తీసుకోవాలి. దావాలోనే ఆ కారణం రాయాలి, తేదీలు చూపాలి.

సాయం దొరకాలంటే

2008లో కన్సాలిడేటెడ్ ఇంజనీరింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌కు ఐదు షరతులు చెప్పింది. ముందటి వ్యవహారం, ఇప్పటిది రెండూ సివిల్ వ్యవహారాలై, ఒకే పక్షం నడిపినవై ఉండాలి. ముందటిదాన్ని శ్రద్ధగా, సద్భావంతో నడిపి ఉండాలి. అది పరిధి లోపం వల్లనో, అలాంటి కారణం వల్లనో విఫలమై ఉండాలి. రెండింటిలో విషయం ఒకటే కావాలి. రెండూ కోర్టులోనే నడిచి ఉండాలి.

వీటిలో మనవాళ్లు ఎక్కువగా జారేది సద్భావం దగ్గర. కాలపరిమితి చట్టంలో సద్భావం అంటే మనసు మంచిదైతే చాలదు. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసిన పని సద్భావంతో చేసినట్టు కాదని ఆ చట్టమే అర్థం చెప్పింది. ప్రతి పేషీకి హాజరయ్యామా, పరిధి లేదని ఎదుటివాళ్లు మొదటి జవాబులోనే చెప్పినప్పుడు మనం వెంటనే ఆలోచించామా, లేక పంతానికి పోయి పదేళ్లు అక్కడే ఉన్నామా అని కోర్టు అడుగుతుంది. వాజేడు నుంచి బస్సులో వచ్చి వాయిదా వాయిదాకూ నిలబడిన మనిషి శ్రద్ధ కాగితం మీద కనపడాలి. కనపడకపోతే అది లేనట్టే లెక్క.

మూడో షరతు కూడా ముఖ్యమే. సాక్ష్యం చాలక ఓడిపోయిన దావాకు ఈ సాయం లేదు. కోర్టు విచారించి భూమి నీది కాదని తేలిస్తే, దారి అప్పీలే. అదే దావాను మళ్లీ వేయడం కుదరదు. చేర్చకూడని వాళ్లను చేర్చడం వల్ల, కలపకూడని వాటిని కలపడం వల్ల దావా దెబ్బతింటే మాత్రం దాన్ని పరిధి లోపం లాంటి కారణంగానే చూడాలని సెక్షన్ వివరణ చెబుతుంది.

ఖారిజులన్నీ ఒకటి కాదు

"కేసు కొట్టేశారు" అని మన ఊళ్లో ఒకే మాట అంటాం. ఆ మాట లోపల నాలుగైదు రకాలున్నాయి. ఏ రకమో తెలియకపోతే తరువాతి అడుగు తప్పుతుంది.

పరిధి లేదని దావా పత్రాన్ని వాపసు ఇవ్వడం ఒకటి. అప్పుడు జడ్జి ఆ పత్రం మీదే దావా వేసిన తేదీ, వాపసు ఇచ్చిన తేదీ, వేసినవారి పేరు, కారణం రాయాలి. ఆ రాత మనకు బంగారం లాంటిది. 14వ సెక్షన్ లెక్కకు మొదటి రుజువు అదే.

వాది, ప్రతివాది ఇద్దరూ రాక దావా కొట్టేయడం రెండోది. అప్పుడు మియాదు ఉంటే మళ్లీ దావా వేసుకోవచ్చు, లేదా పాతదాన్నే తెరిపించుకోవచ్చు. ప్రతివాది వచ్చి వాది రాకపోవడం మూడోది. ఇది ప్రమాదకరం. అదే కారణం మీద మళ్లీ దావా వేసే హక్కు పోతుంది. ఖారిజు అయిన 30 రోజుల్లో తెరిపించమని దరఖాస్తు పెట్టుకోవాలి. మేడారం జాతర రోజుల్లోనో, నాట్ల రోజుల్లోనో వాయిదా పడి మనం పోకపోతే జరిగేది ఇదే. ఇది దరఖాస్తు కాబట్టి ఆలస్యమైతే 5వ సెక్షన్ కింద మన్నింపు అడగవచ్చు. అదొక్కటే ఊరట.

నాలుగోది మనమే వెనక్కి తీసుకోవడం. వకీలు "ఇందులో లోపముంది, వెనక్కి తీసుకుని మళ్లీ వేద్దాం" అంటాడు. మళ్లీ వేసుకునే అనుమతి కోర్టు ఇచ్చిందా అని అడగాలి. అనుమతి లేకుండా వెనక్కి తీసుకుంటే మళ్లీ వేయలేం. అనుమతి ఇచ్చినా, మొదటి దావా అసలు వేయనట్టే మియాదు లెక్కిస్తారు. అంటే నడిచిన ఏళ్లన్నీ మన ఖాతాలోనే పడతాయి. కోర్టు అనుమతి ఇచ్చిన కారణం పరిధి లోపమో, అలాంటిదో అయితేనే 14వ సెక్షన్ మళ్లీ ఆదుకుంటుంది. అందుకే ఆ ఉత్తర్వులో కారణం రాసి ఉందో లేదో చూసుకోవాలి. ఒక్క వాక్యం ఉంటే భూమి నిలుస్తుంది, లేకపోతే పోతుంది.

కోర్టులు కాని కోర్టుల సంగతి

స్పెషల్ డిప్యూటీ కలెక్టరు దగ్గర నడిచేది కోర్టు లాంటిదే గాని సివిల్ కోర్టు కాదు. మరి అలాంటి చోట్లకు 14వ సెక్షన్ వర్తిస్తుందా? 2015లో ఎం.పి. స్టీల్ కేసులో సుప్రీంకోర్టు దీనికి దారి చూపింది. కాలపరిమితి చట్టం కోర్టులకే వర్తిస్తుందంటూనే, 14వ సెక్షన్ వెనక ఉన్న న్యాయసూత్రం ట్రైబ్యునళ్ల లాంటి చోట్లకూ వర్తించవచ్చన్నది. అంతకుముందు 1996లో రామేశ్వర్‌లాల్ కేసులో, హైకోర్టులో రిట్ వేసి "వేరే దారి ఉంది, అటు పో" అనిపించుకున్నవాడికి ఆ రిట్ నడిచిన కాలం తీసివేయాలని చెప్పింది. మన యువకులు చాలామంది ముందు రిట్ వైపే చూస్తారు కాబట్టి ఈ తీర్పు గుర్తుంచుకోవాలి.

1 ఆఫ్ 70 కేసుకు ఆ రెగ్యులేషన్‌లో మియాదు రాయలేదు. బాధితుడు దరఖాస్తు పెట్టవచ్చు, ప్రభుత్వ ఉద్యోగి రాతపూర్వకంగా తెలపవచ్చు, అధికారి తనంతట తానే తీసుకోవచ్చు. అందుకని ఎప్పుడైనా పోవచ్చులే అని కూర్చోవడం మంచిది కాదు. 2003లో ఇబ్రహీంపట్నం కూలీ సంఘం కేసులో, తెలంగాణ కౌలు చట్టంలో "ఎప్పుడైనా" అని ఉన్నా అధికారి సహేతుకమైన కాలంలోనే ఆ అధికారాన్ని వాడాలని సుప్రీంకోర్టు అన్నది. అది వేరే చట్టం గురించిన తీర్పు. అయినా ఆలస్యం మాట వచ్చిన ప్రతిచోటా ఎదుటి వకీలు దాన్ని బయటికి తీయవచ్చు. అదే 2003లో అమరేంద్ర ప్రతాప్ సింగ్ కేసులో మాత్రం సుప్రీంకోర్టు మనకు బలమైన మాట చెప్పింది. ఒడిశా షెడ్యూల్డ్ ప్రాంతాల రెగ్యులేషన్ చూస్తూ, ఆదివాసీ భూమిని ఏళ్ల తరబడి పట్టుకుని ఉన్నంత మాత్రాన గిరిజనేతరుడికి హక్కు రాదని తేల్చింది. 12 ఏళ్లు అయిపోయాయి, ఇక నాదే అనేవాడికి మనం చూపవలసిన తీర్పు ఇది.

కరోనా కాలం లెక్క కూడా వేరు. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న రోజులను మియాదులో కలపవద్దని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ మధ్య గడువు తీరినవాళ్లకు 2022 మార్చి 1 నుంచి 90 రోజులు ఇచ్చింది. పాత కాగితాలు ముందేసుకుని లెక్క కట్టేటప్పుడు ఈ దాదాపు రెండేళ్లను మరిచిపోవద్దు.

మనం చేయగలిగింది

చట్టం రాసినవాళ్లు కాగితం దాచుకునే అలవాటున్న మనుషులను ఊహించుకుని రాశారు. మన తాతలు కాలాన్ని ఇప్పపూలతో, కొత్తల పండుగతో, జాతరతో లెక్కపెట్టుకున్నారు. భూమిని వాగుతో, చెట్టుతో, రాయితో గుర్తుపెట్టుకున్నారు. ఆ లెక్క తప్పు కాదు. కానీ కోర్టు ఆ లెక్క చదవదు. చదివే లెక్క రాసి పెట్టడం చదువుకున్న మన తరం పని.

ప్రతి గూడెంలో ఒక యువకుడో, పంతులో ఒక నోటుపుస్తకం పెడితే చాలు. భూమి ఎప్పుడు చేయి దాటింది, మొదటి అర్జీ ఎక్కడ ఎప్పుడు ఇచ్చాం, ఏ కోర్టులో ఏ నంబరు, ఏ పేషీకి హాజరయ్యాం, ఏ రోజు ఏ కారణంతో ఖారిజు అయింది అన్నది రాసుకోవాలి. ఉత్తర్వు వచ్చిన రోజే నకలుకు దరఖాస్తు పెట్టాలి. నకలు కోసం ఆగిన రోజులను కూడా అప్పీలు గడువు నుంచి తీసేస్తారు. బస్సు టికెట్టు ముక్కయినా సరే ఆ పుస్తకంలో అంటించి పెట్టాలి. శ్రద్ధకు అదీ ఒక సాక్ష్యమే.

వకీలుకు డబ్బు లేదని ఆగవద్దు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ తెగల వారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఫోన్ నంబరు 15100. అక్కడికి పోయి మొదట అడగవలసిన ప్రశ్న "మేం గెలుస్తామా?" అన్నది కాదు. "మా కేసు ఏ గడప ముందు వేయాలి? మాకు ఇంకా ఎన్ని రోజులున్నాయి?" అన్నది. కేసు ఇప్పటికే ఖారిజు అయి ఉంటే మూడో ప్రశ్న కూడా వేయాలి. "ఏ కారణంతో ఖారిజు అయింది? 14వ సెక్షన్ కింద ఆ రోజులు మాకు తిరిగి వస్తాయా?" ఈ మూడు ప్రశ్నలు మన బడుల్లో పదో తరగతి పిల్లలకు నేర్పినా ఎక్కువ కాదు. వాళ్ల ఇంట్లో అటక మీద ఏదో ఒక పాత మిసిల్ ఉండే ఉంటుంది. దానిలో ఇంకా రోజులు మిగిలి ఉండవచ్చు.